ఎవరి కళ్ళ కోసం?
(స్పోర్ట్స్ కార్లు మార్పించుకున్నవాళ్ళ పశ్చాత్తాపం గురించి)



ధమ్మం గురించి అచ్చేసుకునే చిన్న పుస్తకంలో కార్ల గోల ఏంటని కొందరు అడగొచ్చు. కారణం ఉంది. ఆదివారం విహారంలో వందన అయ్యాక కుర్రాళ్ళు అడిగే ప్రశ్నల్లో తరచుగా వచ్చేది ఒకటుంది. "తృష్ణ వల్లే దుఃఖం అంటారు కదా, మరి మంచి కారు కావాలనుకోవడం కూడా తృష్ణేనా?" దీనికి మన పెద్దలు రెండు రకాలుగా జవాబు చెప్పేస్తుంటారు. ఒకరు "ఇవన్నీ ఎందుకు నాయనా, ఉన్నదాంతో సర్దుకో" అంటారు. ఇంకొకరు "మనవాళ్ళు ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నారు, కొనుక్కోనీ, ఎవడికేం నొప్పి" అంటారు. మొదటి జవాబులో పాత సన్యాసుల వాసన ఉంది. రెండో దాంట్లో ఆలోచనే లేదు. అడిగిన కుర్రాడు రెండూ విని, తల ఊపి, షోరూమ్‌కి పోతాడు.

ఆ ప్రశ్నని దగ్గరగా చూద్దాం. అందుకు ఒక గుంపుని తీసుకుంటాను. అమెరికాలో, జపాన్‌లో, బ్రిటన్‌లో స్పోర్ట్స్ కార్లు కొని, వాటిని తమకు నచ్చినట్టు మార్పించుకుని, ఏడాదో రెండేళ్ళో గడిచాక "అనవసరంగా చేశాన్రా" అనుకునేవాళ్ళు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు పిల్లలూ అందులో ఉన్నారు. వాళ్ళని వెక్కిరించడానికి ఇది రాయడం లేదు. కోరిక ఎలా పుడుతుందో, ఎలా తీరుతుందో, తీరాక ఏం మిగులుతుందో ఇనుములోనూ రబ్బరులోనూ కంటికి కనబడేట్టు చూపించే విషయం ఇది. ధ్యానంలో కూర్చుని మనసుని చూసుకోవడం కష్టంగా ఉన్నవాళ్ళు ముందు ఈ బండ్లని చూడొచ్చు.

కిందికి దించిన బండి

స్పోర్ట్స్ కారంటే కోట్ల రూపాయల బండే కానక్కర్లేదు. 1989లో వచ్చిన మాజ్డా మియాటా రెండు సీట్ల చిన్న కారు. బరువు సుమారు 950 కిలోలు. ఇంజిన్ శక్తి గొప్పదేమీ కాదు. తేలిగ్గా ఉండటం వల్ల, బరువు సమంగా పంచడం వల్ల అది మలుపుల్లో హాయిగా తిరుగుతుంది. టొయోటా 86, సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, ఫోర్డ్ మస్టాంగ్ లాంటివి ఉద్యోగం చేసే కుర్రాళ్ళు అప్పు చేసైనా కొనేవి. వీటిని తయారుచేసిన ఇంజినీర్లు స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి, షాక్ అబ్జార్బర్ ఎంత మెత్తగా ఉండాలి, సైలెన్సర్ ఏ చప్పుడుని మింగాలి అని ఏళ్ళ తరబడి తంటాలు పడి ఒక సమతూకానికి తెస్తారు. బండి ఇంటికొచ్చిన రెండో నెలలో యజమాని ఆ సమతూకాన్ని విప్పడం మొదలుపెడతాడు.

అన్నిటికంటే ముందు ఎక్కువమంది చేసేది బండిని కిందికి దించడం. చక్రానికీ బాడీకీ మధ్య ఖాళీ కనబడితే అది రేసు కారులా ఉండదని వాళ్ళ బాధ. డబ్బున్నవాళ్ళు పొట్టి స్ప్రింగులు కొని వేయిస్తారు. లేనివాళ్ళు ఉన్న స్ప్రింగునే ఒకటిన్నర చుట్టు కోయించేస్తారు. ఫొటోలో బాగుంటుంది. రోడ్డు మీదికి వచ్చాక అసలు సంగతి తెలుస్తుంది. స్ప్రింగుకి కదలడానికి చోటు తగ్గిపోయింది కాబట్టి చిన్న గుంటకే లోపలున్న రబ్బరు దిమ్మ మీద ధన్‌మని కొట్టుకుంటుంది. ఇంటి ముందు ర్యాంపు ఎక్కాలన్నా ముందు బంపరు గీసుకుంటుంది. చక్రాలు పైభాగం లోపలికి వాలి టైరు లోపలి అంచు ముందే అరిగిపోతుంది. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదిలాగే ఉంటుంది, లోపల తీగ బయటపడి ఉంటుంది.

దీంట్లో ఇంకో విచిత్రం ఉంది, అది నాకు చాలా ఇష్టమైన భాగం కాబట్టి కాస్త ఆగుతాను. మలుపులో బండి పక్కకి వాలకూడదనే కదా కిందికి దించేది. టొయోటా 86, డబ్ల్యూఆర్‌ఎక్స్ లాంటి బండ్లకి ముందు చక్రాల దగ్గర స్ట్రట్ రకం సస్పెన్షన్ ఉంటుంది. మన దగ్గర తిరిగే మామూలు కార్లలో ఉండేదీ అదే. బండి మలుపు తిరిగేటప్పుడు ఒక బిందువు చుట్టూ వాలుతుందని అనుకోండి. దాన్ని రోల్ సెంటర్ అంటారు. ఈ బిందువుకీ బండి బరువు కేంద్రానికీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే బండి అంత ఎక్కువ వాలుతుంది. స్ట్రట్ ఉన్న బండిని అతిగా కిందికి దించినప్పుడు బరువు కేంద్రం కొంచెం దిగుతుంది, రోల్ సెంటర్ మాత్రం ఇంకా చాలా కిందికి పోతుంది. రెండిటి మధ్య దూరం పెరుగుతుంది. అంటే స్ప్రింగు ఎంతో గట్టిదైతే తప్ప, వాలకూడదని చేసిన పనే బండిని వాల్చే గుణం పెంచుతుంది. అందుకే ఇంకా గట్టి స్ప్రింగు వేస్తారు. నడుము నొప్పి వస్తుంది. అందుకు ఇంకోటి వేస్తారు. ఇలా ఒకదాని వెనక ఒకటి. ప్రతీత్య సముత్పాదం అర్థం కాలేదన్నవాళ్ళకి ఈ బండిని చూపించవచ్చు.

చక్రాల సంగతి తొందరగా చెప్పేస్తాను. పెద్ద రిమ్ములు వేస్తే టైరు పల్చబడుతుంది, గుంటలో పడితే రిమ్ము వంగుతుంది, చక్రం బరువెక్కి బండి మొద్దుబారుతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసేసి శంఖం ఆకారంలో ఉండే ఫిల్టర్ పెడితే చాలావరకు పెరిగేది ఇంజిన్ శక్తి కాదు, బుస్సుమనే చప్పుడు. దాన్ని బాగా కిందికి అమర్చితే వాన నీటిలోకి దిగినప్పుడు ఇంజిన్ నీళ్ళు తాగి చచ్చిపోతుంది. ముందు చక్రాలతో నడిచే చిన్న కారుకి వెనక పెద్ద రెక్క బిగించడం గురించి చెప్పేదేముంది. మామూలు వేగంలో దాని పని ఏమీ లేదు, నిజంగా పనిచేసే వేగంలో అది వెనక భాగాన్ని నొక్కుతుంది, పట్టు కావాల్సింది ముందు చక్రాలకి.

సైలెన్సర్ గురించి మాత్రం ఆగి మాట్లాడాలి. కంపెనీ సైలెన్సర్ తీసి తిన్నని గొట్టం పెట్టిస్తారు. మొదటి వారం రోజులూ ఆ చప్పుడు వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది. తర్వాత హైవే మీద రెండు గంటల ప్రయాణం వస్తుంది. ఇంజిన్ 2000, 3000 చుట్ల మధ్య ఒకే వేగంతో నడుస్తున్నప్పుడు ఒకే శ్రుతిలో గుంయ్‌మని ఒక మోత కారు లోపల నిండిపోతుంది. కంపెనీ సైలెన్సర్‌లో ఆ శ్రుతినే మింగడానికి కొలిచి పెట్టిన గదులు ఉండేవి, వాటిని పీకేశారు. భార్య ఆ కారెక్కనంటుంది. పసిపిల్ల ఏడుస్తుంది. ఫోన్‌లో అమ్మ "ఎక్కడున్నావురా, మిల్లులోనా" అంటుంది. కొందరు ఇంకో అడుగు వేసి కెటలిటిక్ కన్వర్టర్ కూడా తీసేస్తారు. కార్బన్ మోనాక్సైడ్, కాలని ఇంధనం, నైట్రోజన్ ఆక్సైడ్‌ల లాంటి విషాలని తగ్గించేది అదే. అమెరికాలో దాన్ని తీసేయడం స్వచ్ఛ వాయు చట్టానికి విరుద్ధం.

ఎదుటివాడి పేరు ఎక్కడ?

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఈ యజమానులు దేనికి బాధపడుతున్నారు?

నేను విన్నంతలో, చదివినంతలో వాళ్ళ బాధలన్నీ దాదాపు ఒకే రకం. డబ్బు పోయింది, నడుము పోయింది, వారంటీ పోయింది, అమ్మబోతే ధర రాలేదు. చివరిదాంట్లో ఒక వ్యంగ్యం ఉంది. 1993 నుంచి 2002 దాకా తయారైన టొయోటా సుప్రాని ఒకప్పుడు కుర్రాళ్ళు దొరికినదల్లా కోసి, కుట్టి, పెద్ద టర్బో పెట్టి నడిపారు. ఈరోజు ఎవరూ చెయ్యి పెట్టని, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న సుప్రా దొరకడం అరుదు, అందుకే దానికి లక్ష డాలర్లు దాటిన ధరలు పలికాయి. ఇంటెగ్రా టైప్ ఆర్ కథా అంతే. విలువ పెంచుతాననుకుని చేసిన ప్రతి మార్పూ విలువని తగ్గించింది. (మినహాయింపు లేకపోలేదు. 2001లో వచ్చిన ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్ సినిమాలో పాల్ వాకర్ నడిపిన నారింజ రంగు సుప్రా మార్పులతో నిండిపోయిన బండే, 2021లో 5,50,000 డాలర్లకి వేలంలో పోయింది. అక్కడ కొన్నది బండిని కాదు, సినిమాని.)

సరే. మరి ఆ బాధల్లో పక్కింటివాడు ఎక్కడున్నాడు? గొట్టం సైలెన్సర్ మోత కారులో ఉన్నవాడి చెవికి రెండు గంటలకి విసుగు తెచ్చింది, అందుకు పశ్చాత్తాపం వచ్చింది. తెల్లారి అయిదింటికి అదే మోతకి ఉలిక్కిపడి లేచిన రాత్రి డ్యూటీ నర్సు, గుండె జబ్బు ముసలాయన, నిద్రపట్టని బాలింత సంగతేంటి? హాలోజెన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైట్ గిన్నెలో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారిపోతుంది, గిన్నె దాన్ని రోడ్డు మీదికి కాకుండా అన్ని వైపులా చిమ్ముతుంది. ఎదురుగా టూవీలర్ మీద వచ్చేవాడికి రెండు క్షణాలు కళ్ళు కనబడవు. ఆ రెండు క్షణాలకి ఎవరైనా పశ్చాత్తాపపడుతున్నారా? కొనేవాడికి తెల్లగా వెలిగింది కదా, ఆయనకి అది లాభం ఖాతాలోనే ఉంటుంది.

ఇక్కడే ధమ్మం పనికొస్తుంది. పాలిలో పశ్చాత్తాపానికి 'విప్పటిసారం' అనే మాట ఉంది. అంగుత్తర నికాయంలో ఆనందుడు బుద్ధ భగవానుణ్ణి శీలం ఎందుకు, దాని ఫలితం ఏంటి అని అడిగితే, ఆయన స్వర్గం అనో పుణ్యం అనో చెప్పలేదు. పశ్చాత్తాపం లేని స్థితి అన్నాడు. దాని నుంచి సంతోషం, సంతోషం నుంచి శాంతి, అలా మెట్లు మెట్లుగా విముక్తి దాకా తీసుకెళ్ళాడు. మరోవైపు అయిదు నీవరణాల్లో, అంటే మనసుకి అడ్డుపడే అయిదింటిలో, 'కుక్కుచ్చం' అని ఒకటుంది. చేసినదాని గురించీ చేయనిదాని గురించీ లోలోపల గీరుకుంటూ ఉండటం. ఒకచోట పశ్చాత్తాపం మనిషికి దారి చూపే గుర్తు, ఇంకోచోట అడ్డుగోడ. రెండూ ఎలా నిజమవుతాయి?

నా అవగాహన ఇది. నష్టానికి వచ్చే బాధ వేరు, హానికి వచ్చే బాధ వేరు. "నాకేం పోయింది" అని లెక్క వేసుకునే బాధ మనిషిని మార్చదు. స్ప్రింగులు వేయించి నాలుగు నెలలకి బాధపడినవాడు దానికి మందుగా ఇంకో కంపెనీ స్ప్రింగులు వేయిస్తాడు. ఈసారి మంచివి ఎంచుకుంటాను అనుకుంటాడు. ఆ బాధ కూడా తృష్ణ కడుపున పుట్టిందే, తల్లి దగ్గరికే తిరిగి వెళ్తుంది. "నా వల్ల ఎవరికి ఏమైంది" అనే బాధ మాత్రం చేసిన పని మీద చెయ్యి పెట్టిస్తుంది. పాత సైలెన్సర్ అటక మీద నుంచి దించి మళ్ళీ బిగించేట్టు చేస్తుంది. మొదటిది ఎంత గట్టిగా ఉన్నా దాన్ని నైతిక పశ్చాత్తాపం అనలేం. నోట్లు చిరిగిపోయినా అదే బాధ కలుగుతుంది కదా.

ఈ మాటకి ఒక అభ్యంతరం ఉంది. తన డబ్బు, తన బండి, తన నడుము, తనకి బాధ కలిగితే అది తనకే హాని కాదా, తనని తాను హింసించుకోవడం కూడా ధమ్మ విరుద్ధమే కదా అని. నిజమే. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగ్ పీకేసి రేసు స్టీరింగ్ పెట్టుకున్నవాడు, మామూలు సీటు బెల్టు తీసేసి నాలుగు పట్టీల రేసు బెల్టు కట్టుకున్నవాడు తన ప్రాణంతోనే ఆడుకుంటున్నాడు. రేసు బెల్టు భుజాలని నిటారుగా బిగించేస్తుంది. లోపల ఇనుప పంజరం లేని బండి పల్టీ కొడితే పైకప్పు లోపలికి నలుగుతుంది, మనిషి పక్కకి ఒరగలేడు. పంజరం కూడా ఉన్న రేసు కారులో ప్రాణం కాపాడే వస్తువు, పంజరం లేని ఇంటి కారులో ప్రాణం తీయగలదు. అతనికి ఇంట్లో పిల్లలుంటే అది అతని ఒక్కడి వ్యవహారం ఎలా అవుతుంది?

మన సంగతి వేరే కదా

ఇంతవరకు చదివి కొందరికి కోపం రావాలి. రాకపోతే నేను సరిగా రాయనట్టే. ఆ కోపం మాట ఇది: "తరతరాలు మాకు మంచి బట్ట కట్టుకునే హక్కు లేదు, చెప్పులేసుకుని వాళ్ళ వీధిలో నడిచే హక్కు లేదు. ఈరోజుకీ పెళ్ళికొడుకు గుర్రమెక్కితే కొడుతున్నారు. ఇప్పుడు మా పిల్లాడు కష్టపడి కారు కొని నలుగురికీ వినబడేట్టు నడిపితే మీకు తృష్ణ గుర్తొచ్చిందా?"

ఈ మాటని తేలిగ్గా తోసేయకూడదు. కారు ఊరేగింపులా వాడలోకి వచ్చినప్పుడు ఆ చప్పుడులో ఒక చరిత్రకి జవాబుంది. పేదరికాన్ని గొప్ప చేసి పొగడటం బుద్ధుడి మాట కాదని బాబాసాహెబ్ 'బుద్ధుడు ఆయన ధమ్మం'లో తేల్చి రాశారు. అయితే బాబాసాహెబ్ జీవితంలోనే ఈ ప్రశ్నకి దగ్గరైన రెండు సంఘటనలు ఉన్నాయి, వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒకటి 1927 డిసెంబర్, మహాద్. మనుస్మృతిని తగలబెట్టిన ఆ సభల్లోనే ఆయన స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడారు. మీ చీరకట్టు చూడగానే మీరు ఎవరో తెలిసిపోయేట్టు ఉంది, ఆ కట్టు మార్చండి, ఆ బరువైన నగలు వదిలేయండి అని ఆయన చెప్పిన సారం. ఇది కూడా మార్పే, రూపం మార్చుకోవడమే. కానీ దీని దిశ చూడండి. మీద వేసిన గుర్తుని తీసేయమన్నారు. మోత పెట్టే నగలు పెంచుకోమనలేదు.

రెండోది 1929, చాలీస్‌గావ్. బాబాసాహెబ్ రైలు దిగారు. అక్కడి మహర్లు తమ అతిథి నడిచి రావడం అవమానమని టాంగా మాట్లాడబోయారు. అంటరాని మనిషిని కూర్చోబెట్టి తోలనని టాంగావాడు మొండికేశాడు. బండి అద్దెకిస్తాను, తోలేవాణ్ణి మీరే చూసుకోండి అన్నాడు. మనవాళ్ళలో ఒకతను, ఎప్పుడూ టాంగా తోలనివాడు, పగ్గాలు పట్టాడు. దారిలో చిన్న వంతెన రాళ్ళ సందులో చక్రం ఇరుక్కుంది, బాబాసాహెబ్ రాళ్ళ మీద పడ్డారు, కాలు విరిగింది. గుర్రం, బండి నదిలో పడ్డాయి. దాన్ని తలుచుకుంటూ ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రెండు సంగతులు రాశారు. ఎంత పేద టాంగావాడైనా తన కులం వల్ల తనని ఒక బారిస్టర్ కంటే పైవాణ్ణనుకోగలడన్నది ఒకటి. అతిథి మర్యాద కాపాడాలనే తొందరలో మనవాళ్ళు అతని క్షేమం మర్యాద కంటే ముఖ్యమని ఆలోచించలేదన్నది ఇంకోటి. తనని ప్రేమించినవాళ్ళ గురించే అలా రాశారు, కోపం లేకుండా, కానీ దాచకుండా.

ఆత్మగౌరవం కోసం ఎక్కిన బండి నడపడం రాని చేతిలో ఉంటే ఏమవుతుందో ఆ వంతెన దగ్గర తేలిపోయింది. ఎయిర్‌బ్యాగ్ పీకేసిన స్టీరింగ్‌కీ ఆ టాంగాకీ పెద్ద తేడా లేదని నా అభిప్రాయం.

ధమ్మంలో 'మానం' అనే మాట ఉంది. మామూలుగా గర్వం అని అనువదిస్తారు, అది సరిపోదు. నేను ఎక్కువ అనుకోవడం మానం. నేను సమానం అని కొలుచుకోవడం కూడా మానమే. నేను తక్కువ అనుకోవడం కూడా మానమే. మూడింటిలోనూ ఒక కొలబద్ద ఉంది, దాన్ని ఎదుటివాడు పట్టుకుని నిలబడ్డాడు. వాడు చూడాలి, వాడు కుళ్ళుకోవాలి, వాడి కళ్ళు చెదరాలి అని మన పిల్లాడు అప్పు తెచ్చి సైలెన్సర్ మారిస్తే, తీర్పు చెప్పే కుర్చీలో వాణ్ణి మళ్ళీ మనమే కూర్చోబెడుతున్నాం. పైగా ఆ మోత ముందు వినేది ఎవరు? దొర కాలనీ ఎక్కడో ఊరికి అటు చివర ఉంది. మన వాడలో ఇరుకు ఇళ్ళల్లో పదో తరగతి పరీక్షలకి చదువుకునే ఆడపిల్ల ముందు వింటుంది.

తృష్ణని మూడు రకాలుగా చెప్పారు. అనుభవించాలనే తృష్ణ, అవ్వాలనే తృష్ణ, లేకుండా పోవాలనే తృష్ణ. కారు హాయిగా ఉండాలనుకోవడం మొదటిదైతే, ఈ మార్పుల పిచ్చి ఎక్కువగా రెండోదే. ఫలానా మనిషిలా కనబడాలి, అలాంటివాణ్ణి అయిపోవాలి. వస్తువుతో మనిషి 'అవ్వడం' ఎప్పటికీ పూర్తి కాదు కాబట్టి షెడ్డుకి వెళ్ళే దారీ పూర్తి కాదు.

అయితే కోరికలన్నీ తృష్ణ కావు. పాలిలో 'ఛందం' అనే వేరే మాటే ఉంది, ఒక పని చేయాలనే ఇష్టం. అది మంచి పని వైపు తిరిగితే ధమ్మానికి ఇంధనమే. స్పోర్ట్స్ కార్ల వాళ్ళలో ముదిరినవాళ్ళని ఏ మార్పుకి బాధపడలేదు అని అడిగితే చాలామంది చెప్పేవి ఇవే: మంచి టైర్లు, మంచి బ్రేక్ ప్యాడ్లు, ట్రాక్ మీద గురువు పక్కన కూర్చుని నడపడం నేర్చుకున్న రోజులు. మూడూ బయటికి కనబడవు. ఎవరి కళ్ళూ చెదరవు. బండి ఆగాల్సిన చోట ఆగుతుంది. కాళ్ళు పనిచేయని మనిషి చేతులతో నడిపేట్టు కారుని మార్పించుకోవడం ఇంకో ఉదాహరణ. అలాంటి మార్పుకి మన దేశ చట్టమే దారి ఇస్తుంది. మిగతా మార్పులకి చాలావరకు ఇవ్వదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రోడ్ రోలర్ కింద సైలెన్సర్లు నలిపిస్తున్న పోలీసుల ఫొటోలు మీరు పేపర్లో చూసే ఉంటారు.

డబ్బు గురించి ఒక్క మాట. దీఘజాణు అనే కోలియ గృహస్థుడు బుద్ధుడి దగ్గరికి వచ్చి, మేము భార్యాపిల్లలతో ఉండేవాళ్ళం, చందనం పూసుకునేవాళ్ళం, బంగారం వెండి ముట్టుకునేవాళ్ళం, మాకు తగ్గ ధమ్మం చెప్పండి అని అడిగాడు. చందనం మానేయమని బుద్ధుడు అనలేదు. రాబడి ఖర్చుని మించి ఉండేట్టు, తక్కెడ పట్టుకున్నవాడిలా చూసుకుని బతకమన్నాడు. చిన్న రాబడితో పెద్ద భోగం చేసేవాణ్ణి మేడిచెట్టుని దులిపేవాడితో పోల్చాడు. నాలుగు పళ్ళు తినడానికి చెట్టు మొత్తం దులుపుతాడు, మిగతావి నేలపాలు. పెద్ద రాబడి ఉండి పిసినారిగా మాడేవాణ్ణీ వదల్లేదు, వాడు అనాథలా చస్తాడని లోకం అంటుందన్నాడు. కాబట్టి రాబడి ఉన్నవాడు మియాటా కొనుక్కుంటే ధమ్మం ఏమీ కూలిపోదు. 40,000 జీతంలో 18,000 కిస్తీ కట్టేవాడు రిమ్ములకి ఇంకో అప్పు చేస్తే, అదిగో మేడిచెట్టు.

అమ్మేటప్పుడు

పశ్చాత్తాపం నిజమైనదా కాదా అన్నది తేలిపోయే రోజు ఒకటుంది. బండి అమ్మే రోజు.

టర్బో ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్పించి శక్తి పెంచుకున్నవాడిని తీసుకోండి. ఇంజిన్ తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ ఒత్తిడితో రెండేళ్ళు నడిపాడు. సుబారు పాత 2.5 లీటర్ల టర్బో ఇంజిన్లలో పిస్టన్ రింగులు కూర్చునే గట్లు విరిగిపోవడం పేరుపడ్డ జబ్బు, ఇలాంటి ఒత్తిడి దాన్ని దగ్గరికి తెస్తుంది. ఇప్పుడు భయం పట్టుకుంది, పశ్చాత్తాపమూ వచ్చింది. పాత ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించి, ఒరిజినల్ సైలెన్సర్ బిగించి, కడిగి తుడిచి, "చెయ్యి పెట్టని బండి అన్నా" అని ఇంకో కుర్రాడికి అమ్మేస్తాడు. లేదంటే ఇంజిన్ పోయాక అన్నీ పాతవి బిగించి వారంటీ అడుగుతాడు. బాధ అతని దగ్గర నుంచి వెళ్ళిపోయింది నిజమే, ఇంకొకరి ఇంటికి వెళ్ళింది. కంటికి కనబడే ప్రతిదీ మొదటి స్థితికి తెచ్చాడు, అయినా అబద్ధం ఒకటి కొత్తగా బిగించాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో దొంగతనం గురించీ అబద్ధం గురించీ ఉన్నవి ఇలాంటి చోట్లకే. తాళం పగలగొట్టే దొంగలం మనలో ఎవరం? మన దొంగతనాలన్నీ ఇలాగే, కాగితాల మీద, నవ్వుతూ జరుగుతాయి.

దీనికి ఎదురుగా, కొనేవాణ్ణి కూర్చోబెట్టి "తమ్ముడూ, ఇది మార్చాను, ఇది మళ్ళీ పెట్టించాను, ఇంజిన్ రెండేళ్ళు కష్టపడింది, ఈ ధరకైతే తీసుకో" అని చెప్పినవాడు కొంత డబ్బు పోగొట్టుకుంటాడు. కోసేసిన స్ప్రింగు మళ్ళీ అతకదు, కోసిన ఫెండర్ కూడా అంతే. పొద్దున్నే లేపేసిన నిద్రలు ఎలాగూ తిరిగి రావు. తండ్రిని చంపిన అజాతశత్రువు వచ్చి తన తప్పు ఒప్పుకున్నప్పుడు, జరిగింది లేకుండా పోయిందని బుద్ధుడు చెప్పలేదు. తప్పుని తప్పుగా చూశావు, ఇక ముందు నిగ్రహం పాటిస్తే అది ఎదుగుదలే అన్న ధోరణిలో మాట్లాడాడు. అంతటి నేరానికే ఆ మాట చెల్లితే సైలెన్సర్ విషయంలో చెల్లదా? అయితే చూడటం ఒక్కటే చాలదు, పాత సైలెన్సర్ బిగించడానికి మెకానిక్ దగ్గరికి వెళ్ళాలి, దానికి మళ్ళీ డబ్బవుతుంది, ఆ డబ్బు పెట్టడానికి చాలామంది వెనకాడతారు. మార్పించడానికి అప్పు చేసినవాడు తిరిగి సరిచేయడానికి మాత్రం పొదుపు గుర్తు చేసుకుంటాడు.

వచ్చే ఆదివారం మీ విహారంలో ఈ విషయం చర్చకి పెట్టండి. కార్లున్నవాళ్ళని పిలవండి. వాళ్ళ పక్కింట్లో ఉండేవాళ్ళని కూడా తప్పకుండా పిలవండి, ముందు వాళ్ళని మాట్లాడనివ్వండి.